సున్నా వేరే, గీత వేరే

మూడు వారాల క్రితం, మంగళవారం తెల్లవారుతుండగా, అంకుల్ సిడ్నీలోని వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో కన్నుమూశారు. గుండె బాగా బలహీనపడిందని డాక్టర్లు ముందే చెప్పి ఉన్నారు. ఆయన నాకు బంధువు కారు. క్వేకర్స్ హిల్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే పెద్దాయన, గొర్రెల పల్లెల్లో పశువైద్యం చేసి రిటైరైన మనిషి. మన తెలుగువారి సంఘం పత్రిక చదివేవారిలో చాలామందికి ఆయన ‘నక్కల అంకుల్’గానే తెలుసు.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోవడానికి కారణం ఉంది. సంతాప సభలో ఒకరి తరువాత ఒకరు లేచి, ఆయన తన ఈలతో, తుపాకీతో ఒక లోయలో నక్క అన్నది లేకుండా చేశారని చెప్పారు. వారి తప్పు లేదు. రెండు చలికాలాలుగా అక్కడ ఒక్క నక్కా రాలేదని అంకుల్ తన నోటుపుస్తకంలో స్వయంగా రాసుకున్నారు. ఆ రాతను నమ్మి లోయ చుట్టుపక్కల రైతులు నక్కలకు పెట్టే విషపు ఎరలు మానేశారు. ఇంకో నెలకు అక్కడ గొర్రెలు ఈనుతాయి. ఆ రాత తప్పు. అది తప్పని నాకు ఏడాది నుంచి తెలుసు. నేను వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలిని. తెలియడం నా వృత్తి, చెప్పడం కూడా నా వృత్తిలో భాగమే. మొదటిది చేశాను, రెండవది చేయలేదు.

ఆయన చెవుల సంగతి ఇలా పత్రికలో రాయవచ్చా అని ఆంటీని, అంటే ఆయన భార్యను, అడిగాను. “రాయి పాపా. లెక్క తప్పితే ఆయన అన్నం కూడా తినేవాడు కాదు” అన్నారు.

అంకుల్‌ను నేను మొదట కలిసింది వీధిలో కాదు, మా క్లినిక్‌లో. ఆంటీ బలవంతం మీద వచ్చారు. గదిలోకి వస్తూనే ఆంటీ ఫిర్యాదు మొదలుపెట్టారు.

“కుక్కర్ ఏడు కూతలు కూసినా ఈయన పేపర్లోంచి తలెత్తడు పాపా. నిన్న పప్పు మాడి బొగ్గయింది.”

“స్టవ్ కాడ ఉండేది నువ్వా నేనా?” అన్నారు ఆయన.

“చూసినావా? ఇదొక్కటి మాత్రం వినపడ్తాది.”

పరీక్ష చేస్తే, వినికిడిని గీతగా చూపించే ఆడియోగ్రామ్ కాగితం మీద గీత సగం దాకా సాఫీగా నడిచి, అక్కడి నుంచి కొండ అంచున కాలు జారినట్టు కిందికి పడిపోయింది. లావు ధ్వనులు బాగానే వినిపిస్తున్నాయి. సన్నని ధ్వనులు దాదాపు లేవు. వయసు పైబడినవారిలో తరచూ చూసేదే. గాయకుడి గొంతు వింటారు, తంబురా తీగలోని సన్నని రవళి వినరు. కుక్కర్ కూత ఆ లేని భాగంలోకే వస్తుంది. చిన్న పిట్టల అరుపులూ అందులోకే వస్తాయి.

ఆ కాగితాన్ని ఆయన కళ్ళద్దాలు తీసి, దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. “ఈ గీత పడిపోయిన కాడ ఏముండేది పాపా?” అని అడిగారు. పిట్టలు అంకుల్ అన్నాను. “పోనీలే. ముప్పై ఏండ్లు విన్నా కదా, యాడ ఏది అరుస్తాదో నాకు తెలుసు” అన్నారు. వినికిడి మిషన్లు తీసుకున్నారు. ఇంట్లో పెట్టుకునేవారు. ఆరుబయట మాత్రం గాలి హోరు తప్ప ఇంకేమీ వినిపించడం లేదని తీసి జేబులో వేసుకునేవారు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. గాలి వీచే చోట ఆ మిషన్లు అలాగే చేస్తాయి.

ఆయనది అనంతపురం జిల్లా. గొర్రెలు చూస్తూ పెరిగి, గొర్రెల వైద్యం చదివి, చివరకు గొర్రెలే ఎక్కువ ఉన్న ఈ ఆస్ట్రేలియాకు వచ్చారు. గోల్‌బర్న్ దాటాక అడవి కొండల మధ్య ఒక లోయలో తెల్లజాతి రైతు ఒకాయన ఉన్నారు. అంకుల్ కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన మందకే మొదట వైద్యం చేశారట. ఈల ఊది నక్కలను దగ్గరికి పిలవడం ఆ రైతు తండ్రి దగ్గర నేర్చుకున్నారు. రిటైరై సిడ్నీకి వచ్చేసినా, చలికాలంలో రెండు వారాలకొకసారి ఆ లోయకు వెళ్ళకుండా ఉండేవారు కారు.

ఇక్కడి నక్క మన ఊళ్ళలో కూసే నక్క కాదు. ఒకప్పుడు తెల్లదొరలు వేట సరదా కోసం ఓడల్లో తెచ్చి వదిలిన ఎర్రనక్క. ఈ నేలకు అది కొత్త కాబట్టి, నేల మీద గూడు పెట్టే పిట్టలకూ పుట్టీ పుట్టని గొర్రెపిల్లలకూ దానినుంచి తప్పించుకునే విద్య లేదు. ఈ సంగతి అంకుల్ ఎవరు అడిగినా ఇదే వరుసలో చెప్పేవారు, చివర ఒక వాక్యం చేర్చేవారు: “తెచ్చింది మనిషి. అది రమ్మంటే వచ్చింది.”

హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్ళినప్పుడు, దర్శనం అయ్యాక క్యాంటీన్ దగ్గర ఆయన కోసం ఒక గుంపు కాచుకుని ఉండేది.

“ఏం అంకుల్, ఈ వీకెండ్ ఎన్ని?”

“వెంకన్న దగ్గరికొచ్చి నక్కల లెక్కలేంట్రా, పాపం తగులుతుంది.”

“పాపం సంగతి పక్కన పెట్టు. ఇంత రష్‌లో ఆయనకి గేట్ పక్కనే పార్కింగ్ దొరికింది. రోజూ నక్క తోక తొక్కే మనిషి మరి!”

“తొక్కల్లంటే అది నిలబడల్ల కదరా” అనేవారు అంకుల్, పులిహోర తింటూ. ఎవరైనా ‘నక్క జిత్తులు’ అంటే మాత్రం ఆ నవ్వు పోయేది. “జిత్తులు మనవి. దానికి ఉండేది ఆకలి” అని, అక్కడితో ఆ మాట ముగించేవారు.

నన్ను మొదటిసారి ఆ లోయకు తీసుకువెళ్ళింది ఒక మే నెలలో, ఇక్కడ చలి మొదలయ్యే రోజుల్లో. నాకు ఆసక్తి వేట మీద కాదు, ఈల మీద. ఒక జంతువును ఒక ధ్వనితో అంత దూరం నుంచి ఎలా రప్పిస్తారో చూడాలని అడిగాను. ముందు రోజు సాయంత్రం రైతు ఇంట్లో దిగి, తెల్లవారకముందే లేచి నడిచాం. యూకలిప్టస్ చెట్ల మధ్య మంచు పట్టిన గడ్డి కాళ్ళ కింద పటపటమంటోంది. గాలి మా ముఖానికి తగిలేలా, వీపుకు ఒక లావుపాటి మాను ఆనేలా ఆయన చోటు ఎంచుకున్నారు. కూర్చున్నాక పావుగంట సేపు ఏమీ చేయలేదు. మా నడకకు చెదిరిన అడవి మళ్ళీ సర్దుకోవాలట.

తరువాత ఎడమచేతి వెనక భాగాన్ని పెదాలకు ఆనించి పీల్చారు. ఎలుకపిల్ల కిచకిచలాడినట్టు వినిపించింది. దగ్గరలో నక్క ఉంటే దానికి అది చాలట. కాసేపు ఆగి ఈల తీశారు. డబ్బా మూత రేకును గుండ్రంగా కత్తిరించి, మధ్యకు మడిచి, రెండు పొరల గుండా మేకుతో ఒక రంధ్రం కొట్టిన వస్తువు అది. రూపాయి బిళ్ళంత ఉంటుంది. దాన్ని కింది పళ్ళకూ పెదవికీ మధ్య బిగించి ఊదారు. వలలో చిక్కిన కుందేలు అరుపు అడవి అంతా పాకింది. సన్నగా, ఎగుడుదిగుడుగా, చివర ఊపిరి తెగినట్టు. అది రేకు ముక్క అని కళ్ళతో చూస్తూ కూడా నా ఒళ్ళు జలదరించింది.

మూడుసార్లు పిలిచి ఆపేశారు. “పిలిచినాక నోరు మూసుకోవల్ల పాపా. వచ్చేటోనికి తోవ ఇయ్యల్ల” అని నా చెవిలో చెప్పారు. ముందు పిట్టలు అరిచాయి. “అదో, చెప్తాండాయి” అన్నారు. అప్పట్లో ఆ అరుపు ఆయనకు వినిపించిందో, నా తల తిరగడం చూసి అన్నారో ఇప్పుడు ఆలోచిస్తే చెప్పలేను. నక్క ఫెర్న్ పొదల మధ్య నుంచి తిన్నగా వచ్చింది. నలభై అడుగుల దూరంలో ఆగి, ఒక ముందు కాలు ఎత్తి, రెండు చెవులూ మా వైపు నిలిపింది. దాని వెనక ఏముందో చూసుకుని, అప్పుడు కాల్చారు.

దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టి ఊపిరి లేదని నిర్ధారించుకున్నారు. పెదవి పైకెత్తి పళ్ళ అరుగుదల చూసి వయసు అంచనా కట్టారు. వైద్యుడి చేతులే అవి, ఆ పని చేస్తున్నా. నేను అటు తిరిగి నిలబడ్డాను.

“నచ్చలేదా?” అన్నారు.

“అట్లేం లేదు అంకుల్. ఫస్ట్ టైమ్ కదా...”

“నచ్చకపోతే నచ్చలేదని చెప్పు పాపా. నాకు మంచి మాట ఏంటికి? సరైన మాట చెప్పు.”

నచ్చలేదని చెప్పాను. తల ఊపి, నోటుపుస్తకం తీశారు.

ఆ నోటుపుస్తకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గళ్ళ కాగితాల పుస్తకం, ఎప్పుడూ నీలం బాల్‌పెన్నే. తేదీ, చోటు, గాలి దిక్కు, ఎన్నిసార్లు పిలిచిందీ, ఎన్ని వచ్చిందీ. వచ్చినవాటిలో కాల్చనివాటినీ రాసేవారు. పిల్లలకు పాలిస్తున్న తల్లి అయితే వదిలేసినట్టు, వెనక గొర్రెలుంటే ఆగిపోయినట్టు అన్నీ అందులో ఉండేవి. ఒక్కటీ రాని రోజు సున్నా పెట్టేవారు. కొన్ని రోజులకు సున్నా కాకుండా అడ్డగీత ఉండేది. తేడా ఏమిటని అడిగాను.

“సున్నా వేరే, గీత వేరే. మనం సరిగా పిలిచినాం, అది రాల్యా. అది సున్నా. గాలి తిరిగింది, కుక్క మొరిగింది, నాకు దగ్గొచ్చింది. అప్పుడు అది ఉందో లేదో మనకేం తెలుసు? తెలియనిదాన్ని లేదనగూడదు. గీత పెట్టల్ల.”

నా వృత్తిలో ఇది మొదటి పాఠం. పరీక్ష గదిలో శబ్దం వచ్చిందని తెలియకుండా, రోగి వినలేదని రాయకూడదు. ఆయన దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ తరువాత మా క్లినిక్‌లో కొత్తగా చేరినవారికి నేను ఈ మాటను ఆయన మాటగానే చెబుతున్నాను. లోయలోని రైతులకు కూడా ఈ పద్ధతి తెలుసు. తెలుగు చదవలేకపోయినా ఆ సున్నాలూ గీతలూ వారు చదివేవారు. అందుకే ఆయన సున్నాకు అక్కడ అంత విలువ.

రెండున్నరేళ్ళ క్రితం, ఇక్కడ వేసవి అయిన జనవరిలో, అంకుల్‌కు కింది పళ్ళు తీసేసి కట్టుడు పళ్ళు పెట్టారు. ఈల బిగించేది ఆ పళ్ళకే. పళ్ళ అమరిక మారితే గాలి వెళ్ళే దారి మారుతుంది. గాలి దారి వెంట్రుకవాసి మారినా ఈల కూత పోయి ఉత్త గాలి మిగులుతుంది. చెవి బాగున్న మనిషి అయితే మొదటిసారి ఊదినప్పుడే పట్టుకుని, నాలుకతోనో పెదవితోనో సర్దుకుంటాడు. ఆయనకు ఆ కూత అప్పటికే వినిపించడం లేదు. పాత రోజుల్లోనూ ఆయన ఊదినది చెవితో సగం, అలవాటుతో సగం. ఇప్పుడు అలవాటు ఒక్కటే మిగిలింది. ఊదిన ప్రతిసారీ ఆయనకు జ్ఞాపకంలోని కుందేలే వినిపించి ఉంటుందని నా ఊహ.

ఆ చలికాలం నుంచి నోటుపుస్తకంలో సున్నాలు మొదలయ్యాయి. మొదట ఆయనే ఆశ్చర్యపోయారు. తరువాత సంతోషించారు. రైతులు ఎరలు మానేశారు. విషం తగ్గితే అడవికి మంచిదే కదా అని ఆంటీతో అన్నారట.

ఇదంతా నాకు తెలిసింది నిరుడు జూలైలో. అంతకు కొద్ది రోజుల ముందే ఆయన కారు నడపడం మానేశారు. తాళాలు ఆంటీ చేతికి ఇచ్చి, ఆ రోజంతా గరాజ్‌లో కూర్చున్నారని విన్నాను. అందుకని నేనే నా కారులో లోయకు తీసుకువెళ్ళాను. అదే మాను, అదే మంచు. మిషన్లు తీసి జేబులో వేసుకున్నారు. పావుగంట కదలకుండా కూర్చున్నారు. ఈల బిగించి, బుగ్గలు పొంగించి, కళ్ళు మూసుకుని ఊదారు.

ఉఫ్ అని గాలి వచ్చింది. అంతే. వేడి కాఫీ ఊదుకున్నట్టు.

మళ్ళీ ఊదారు. ఎగుడుదిగుడులు అన్నీ వేశారు, చివర ఊపిరి తెంపడం కూడా మరిచిపోలేదు. మూడుసార్లు పిలిచి ఆపేశారు. వచ్చేదానికి దారి ఇచ్చినట్టు నోరు మూసుకుని కూర్చున్నారు. ఇరవై నిమిషాల తరువాత నా వైపు తిరిగారు.

“ఎట్లుంది పాపా పిలుపు?”

ఆ ప్రశ్న ఆయన ముందెన్నడూ అడగలేదు. చెప్పాల్సింది నాకు తెలుసు. కానీ కారు తాళాలు గుర్తొచ్చాయి. ఆ మనిషికి ఇదొక్కటే మిగిలింది కదా అనిపించింది.

“మంచిగుంది అంకుల్” అన్నాను.

నా ముఖంలోకి కాసేపు చూశారు. తరువాత నవ్వారు. “మీ వరంగల్లోళ్ళకు అన్నీ మంచిగానే ఉంటాయిలే” అని, తల వంచి నోటుపుస్తకంలో రాసుకోసాగారు. ఆయన రాస్తుండగా ఎదుటి వాలులో రెండు పిట్టలు గోల చేశాయి. మానుల మధ్య ఎర్రగా ఒకటి దాటింది. అది నక్క అని ప్రమాణం చేసి చెప్పలేను. దాటుతున్నది నక్క అని చెబితే అది పిలుపుకు ఎందుకు రాలేదో కూడా చెప్పాలి. అందుకని అదీ చెప్పలేదు.

ఆగస్టు చివర గొర్రెలు ఈనడం మొదలైంది. నాలుగు రోజుల్లో ఆరు పిల్లలు చచ్చాయి. ఐదవ రోజు పొద్దున రైతు వెళ్ళేసరికి ఆయన పెంపుడు కుక్క టెస్, మూతికి నెత్తురుతో, ఒక చచ్చిన పిల్ల పక్కన నిలబడి ఉంది. పదమూడేళ్ళు మంద కాసిన కుక్క. రైతు అంకుల్‌కు ఫోన్ చేశారు. నేను తీసుకువెళ్ళాను.

అంకుల్ గొర్రెపిల్లను తిప్పి తిప్పి చూశారు. పంటి గాట్ల మధ్య దూరం వేలితో కొలిచారు. రైతుతో ఆయన ఇంగ్లీషులో అన్న మాటలను తెలుగులో చెబుతున్నాను: “గాట్లు చిన్నవి. చూస్తే నక్క పనిలా ఉంది. కానీ...”

“కానీ నక్కల్లేవు కదా డాక్” అన్నారు రైతు. “రెండేళ్ళుగా సున్నా. నువ్వే కదా రాసింది.”

“అవును, నేనే రాశా.”

నేను వారి నుంచి రెండు గజాల దూరంలో నిలబడి ఉన్నాను. చెప్పాల్సింది ఒకే వాక్యం. అంకుల్ ఈల మోగడం లేదు. నా నోట్లో ఆ వాక్యం తయారయి ఉంది. ఇద్దరు పెద్దవాళ్ళు ఆలోచిస్తున్నారు, వాళ్ళే ఏదో ఒక దారి పట్టుకుంటారులే అనుకున్నాను. గొర్రెపిల్ల నెత్తురు రుచి మరిగిన కుక్కను అక్కడ ఉంచరు. ఆ నియమం రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఊళ్ళోని పశువైద్యురాలు మధ్యాహ్నం వచ్చింది. టెస్ ప్రాణం తీసే సూది వేస్తున్నంతసేపూ అంకుల్ దాని తలను ఒళ్ళో పెట్టుకుని, చెవుల వెనక నిమురుతూ కూర్చున్నారు. రైతు కంచె దాకా నడిచి వెళ్ళి అక్కడే ఉండిపోయారు.

 తిరుగు ప్రయాణంలో, గోల్‌బర్న్ దగ్గర పెట్రోలు పోయించుకుని కారులో కూర్చున్నాక అంకుల్ అన్నారు: “అది నా చెయ్యి నాకింది పాపా.”

ఆ తరువాత ఆయన ఆ లోయకు వెళ్ళలేదు. చలి పడటం లేదని ఆంటీతో చెప్పారట. నేను వారానికొకసారి వెళ్ళి కూర్చునేదాన్ని. ప్రతిసారీ చెప్పాలనే వెళ్ళేదాన్ని. ఆంటీ కాఫీ ఇచ్చేవారు, ఆయన నా పని గురించి అడిగేవారు, నేను తిరిగి వచ్చేసేదాన్ని. ఆసుపత్రిలో ఆయనను చివరిసారి చూసింది చనిపోవడానికి రెండు రోజుల ముందు. చెవుల్లో మిషన్లు లేవు. మంచానికి దగ్గరగా వంగి గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

“ఈనే కాలం వస్తాంది. ముందుగా ఒకసారి పోయి పిలవల్ల పాపా” అన్నారు.

“పోదాం అంకుల్. మంచిగ అయినంక పోదాం.”

“నేను కాదు. నువ్వు పిలువు.”

అలసిన మనిషి మాట అనుకున్నాను. సరేనన్నాను.

సంతాప సభ అయిన మరునాడు ఆంటీ ఒక చిన్న రేకు డబ్బా తెచ్చి ఇచ్చారు. “నీకే ఇమ్మన్నాడు. నువ్వేం చేసుకుంటావో నాకు తెలియదు పాపా” అన్నారు. అందులో ఈల ఉంది, నోటుపుస్తకం ఉంది. నేను అప్పుడు ఆంటీకి అంతా చెప్పాను.  “కుక్కర్ వినపడనోనికి ఈల ఎట్ల వినపడ్తాదని నేనన్నా అనుకోవల్ల కదా” అన్నారు ఆమె. నా తప్పులో భాగం తీసుకోవడానికే ఆ మాట అన్నారని నాకు తెలుసు.

వారం రోజులు కారు అద్దాలు ఎక్కించుకుని ఊదడం సాధన చేశాను. పోయిన శనివారం లోయకు వెళ్ళాను. రైతు తుపాకీ తీసుకుని నాతో వచ్చారు. ఎందుకు వచ్చానో ఆయనకు అప్పటికి చెప్పలేదు. ముందు తెలుసుకోవాలి, తెలిశాక చెప్పాలి అనుకున్నాను. అదే మానుకు ఆనుకుని, పావుగంట ఆగి, ఊదాను. అంకుల్ కూతలో సగం కూడా లేదు, కానీ మోగింది. రెండవ పిలుపుకే పిట్టలు అరిచాయి. నక్క వాలు దిగి వచ్చి, ముందు కాలు ఎత్తి నిలబడి, చెవులు మా వైపు పెట్టింది. రైతు తుపాకీ ఎత్తలేదు. గాలి తిరిగింది, అది వెళ్ళిపోయింది.

“ఇది ఎప్పటినుంచి ఉందంటావు ఇక్కడ?” అని అడిగారు ఆయన.

అప్పుడు చెప్పాను. ఈల సంగతి, పళ్ళ సంగతి, జూలైలో నేను అన్న మాట, మానుల మధ్య ఎర్రగా దాటినదాని సంగతి. వింటున్నంతసేపూ ఆయన నేల వైపే చూశారు.

“టెస్‌కు సూది వేయించిన రోజు నువ్వు ఇక్కడే ఉన్నావు.”

“ఉన్నాను.”

ఆయన తుపాకీ భుజాన వేసుకున్నారు. ఇంటి వైపు నడుస్తూ, ఇవాళే అందరికీ ఫోన్ చేసి ఎరలు పెట్టిస్తానని మాత్రం చెప్పారు. ఆయన నన్ను క్షమించారని నేను రాయలేను.

ఇంటి ముందు యూట్, ఆయన తొట్టి బండి, ఆగి ఉంది. దాని బానెట్ మీద నోటుపుస్తకం తెరిచి, ఏ ఏ సున్నాలు ఇకనుంచి గీతలుగా లెక్కించాలో వరుసగా చూపించాను. అంకుల్ పేజీల మీద కొత్త రాత రాయడం ఇద్దరికీ ఇష్టం లేక, వేరే కాగితం మీద తేదీలు రాసుకున్నాం. అలా దిగుతూ నిరుటి జూలై వరుస దగ్గరకు వచ్చాం. ఆ పేజీని నేను అంతకుముందు చూడలేదు. పుస్తకం ఇంటికి తెచ్చుకున్నా, ఆ నెల దాకా తిప్పే ధైర్యం రాలేదు.

నీలం సిరాతో తేదీ ఉంది, గాలి దిక్కు ఉంది, మూడు పిలుపులు ఉన్నాయి, సున్నా ఉంది. దాని పక్కన రెండు వాక్యాలు: ‘పాప వినింది. మంచిగుందనింది.’

సున్నా మీదుగా పెన్సిలుతో ఒక అడ్డగీత ఉంది.

పెన్సిలు అంకుల్ అడవికి తెచ్చుకునేవారు కారు. అది వారి వంటింట్లో, కూరగాయల చీటీ రాసుకోవడానికి ఫ్రిజ్‌కు దారంతో కట్టి ఉండేది. కాబట్టి ఆ గీత ఇంట్లో గీసినదే. మిగతా సున్నాలలో దేని మీదా గీత లేదు.

రైతు ఆ గీత మీద బొటనవేలు పెట్టారు. “ఇది టెస్‌కు ముందా, తరువాతా?” అని అడిగారు. ఆయన వెనక, అరుగు పక్కన, కుక్క నీళ్ళు తాగే గిన్నె ఇంకా అక్కడే ఉంది. అందులో వాననీళ్ళు నిండి, ఒక యూకలిప్టస్ ఆకు తేలుతోంది.

ఆ గీత పక్కన తేదీ లేదు. అది ఎప్పుడు గీశారో నాకు తెలియదు.